నీడ ఎక్కడి నుంచి వచ్చింది?

1996 వేసవి సెలవుల్లో అనంతపురం కమలానగర్‌లోని ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో డాస్, బేసిక్ నేర్చుకోవడానికి చేరాను. చెప్పులు గుమ్మం బయటే విడిచి, కాళ్లు తుడుచుకుని ఏసీ గదిలోకి అడుగుపెట్టాలి. నలుపు తెలుపు తెర ఉన్న ఒక్కో యంత్రం ముందు ఇద్దరేసి కూర్చునేవాళ్లం. పాఠం ముగిశాక మిగిలిన పది నిమిషాల్లో పెద్ద తరగతివాళ్లలో ఎవరో ఒకరు వచ్చి కీబోర్డు మీద ‘ప్రిన్స్ మెగాహిట్’ అని కొట్టేవారు. ఆ రెండో మాట ఎందుకు కొట్టాలో మాలో ఎవరికీ తెలియదు. అది కొడితే ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆటలో కష్టమైన స్థాయిలను దాటేసి ముందుకు పోవచ్చునన్న సంగతి మాత్రం, ఏ పుస్తకంలోనూ చదవకుండానే, ఒకరి నోటి నుంచి మరొకరి చెవికి చేరి మా అందరికీ తెలిసిపోయింది.

ఆ ఆట నాలుగో స్థాయి చివర దారికి అడ్డంగా ఒక అద్దం నిలబడి ఉంటుంది. పక్కనుంచి పోవడానికి వీలుండదు. దూరం నుంచి పరుగెత్తుకొచ్చి అద్దం మీదికే దూకాలి. రాకుమారుడు దూకిన క్షణంలోనే అద్దంలో నుంచి అతని రూపంలోనే ఉన్న ఒక నీడ అవతలి దిక్కుకు దూకి పారిపోతుంది, రాకుమారుడి ప్రాణశక్తి ఒక్క గడికి పడిపోతుంది. ఐదో స్థాయిలో మనం అందుకోవలసిన మందును మన కళ్లముందే ఆ నీడ తాగేస్తుంది. ఆరో స్థాయిలో సరిగ్గా మనం దూకే సమయానికి తలుపు మూసేసి మనను కిందికి పడేస్తుంది. పన్నెండో స్థాయిలో కత్తి దూసి ఎదురు నిలబడుతుంది. దాన్ని పొడిస్తే తగ్గేది మన ప్రాణమే. ఎన్నిసార్లు పోరాడినా చావు తప్పదు. కత్తిని ఒరలో పెట్టి నీడకు ఎదురు నడిస్తే ఇద్దరూ ఒకటైపోతారు, దారి తెరుచుకుంటుంది.

పదహారేళ్ల వయసులో ఆ ఘట్టం నన్ను చాలా రోజులు వదల్లేదు. తనలోని శత్రువును తాను చంపుకోలేడని, కలుపుకోవాలని ఎవరో గొప్ప ఆలోచనాపరుడు ముందుగానే అనుకుని ఈ కథను అల్లి ఉంటాడని నమ్మాను. నీడ పుట్టుక వెనుక ఉన్న అసలు సంగతి చాలా ఏళ్ల తరువాత తెలిసింది. అది తెలిసినప్పుడు ఆటపై నా ఆశ్చర్యం రెట్టింపయింది. ఈ వ్యాసమంతా ఆ రెట్టింపైన ఆశ్చర్యం గురించే.

జోర్డాన్ మెక్నర్ ఈ ఆటను ఆపిల్ టూ యంత్రం కోసం రాశాడు. అది 1989లో విడుదలైంది. తెల్లబట్టలు వేసుకున్న తన తమ్ముడు డేవిడ్‌ను పరుగెత్తించి, దూకించి, గోడలు ఎక్కించి వీడియో తీసి, ఆ కదలికలను ఒక్కొక్క చట్రంగా బొమ్మలుగా మార్చుకున్నాడు. రాకుమారుడి నడక అంత సహజంగా ఉండటానికి కారణం అదే. అయితే అన్ని కదలికల బొమ్మలూ కలిసి యంత్రంలోని మెమరీని దాదాపు తినేశాయి. ఆటలో పోరాటం ఉండాలని అతని స్నేహితురాలు టోమీ పియర్స్ పట్టుబట్టింది. మరో మనిషిని గీయడానికి చోటు లేదని అతను చెబుతూ వచ్చాడు. చివరికి దొరికిన మార్గం, ఉన్న బొమ్మతోనే మరో మనిషిని పుట్టించడం.

ఆ ఉపాయాన్ని నేను తరగతిలో నల్లబల్ల మీద వేసి చూపిస్తుంటాను. రాకుమారుడి బొమ్మ అంటే సున్నాలు, ఒకట్ల వరుస. అదే వరుసను ఒక్క గడి పక్కకు జరిపి, మొదటి వరుసతో ‘ఎక్సార్’ అనే చర్య చేస్తే, రెండు వరుసల్లోనూ ఒకే అంకె ఉన్నచోట సున్నా, వేర్వేరు అంకెలు ఉన్నచోట ఒకటి మిగులుతుంది. శరీరం లోపలి భాగం రెండింటిలోనూ ఒకటే కనుక చెరిగిపోతుంది. అంచుల దగ్గర మాత్రం తేడా ఉంటుంది కనుక అక్కడ మెరుపు గీత నిలుస్తుంది. కొత్తగా ఒక్క బొమ్మ కూడా దాచుకోనవసరం లేకుండా, మనిషి ఆకారంలో మిణుకుమంటూ కదిలే ఛాయ తయారైంది. రాకుమారుడి కదలికలే దాని కదలికలు కనుక, వాడి నీడగా కాక మరొకటిగా అది ఉండటానికి వీల్లేదు. అద్దం, మందు దొంగతనం, చివరి కలయిక, అన్నీ ఈ చోటు కరవు నుంచి మొలిచినవే. తరువాత మెక్నర్ మరికొంత మెమరీని మిగుల్చుకుని కాపలా సైనికులను కూడా చేర్చాడు. కానీ ఆ ఆట ఆడినవాళ్లకు ఇప్పటికీ గుర్తున్నది ఏ సైనికుడూ కాదు.

నేను వాదించదలచిన విషయం ఇది. ఆటల్లోని వింత విశేషాలను పోగుచేసి చెప్పుకోవడం కాలక్షేపం అనుకునేవారు ఉన్నారు. ‘మీకు తెలుసా’ అంటూ అర నిమిషం వీడియోలుగా పంచేవారు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారని నా అభిప్రాయం. విశేషాన్ని దాని కారణం నుంచి కోసి తీస్తున్నారు. కారణంతో కలిపి చూసినప్పుడు ప్రతి చిన్న విశేషమూ ఒక మనిషి ఒక రాత్రి ఒక ఇబ్బందిలో ఏం చేశాడో చెప్పే సాక్ష్యం. కారణం తీసేస్తే అది ఎవరైనా ఎలాగైనా మార్చి చెప్పగల పుక్కిటి కథ.

మా వీధిలో టీవీ గేమ్ ఉన్న ఇల్లు ఒకటే. పసుపు రంగు క్యాసెట్ మీద వేల ఆటలని అచ్చువేసి ఉండేది. లోపల నిజానికి ఉన్నవి అయిదారు ఆటలు, మిగతావి వాటికే వేరే పేర్లు. అందులో మారియో ఆడినవాళ్లలో ఎంతమంది ఆకాశంలోని మబ్బునూ నేలమీది పొదనూ పక్కపక్కన పెట్టి చూశారో తెలియదు. రెండూ ఒకే బొమ్మ. తెలుపు వేస్తే మబ్బు, ఆకుపచ్చ వేస్తే పొద. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడిన ఆట; అందులో బొమ్మలకు దక్కింది 8 కిలోబైట్లు. ఈ రోజు ఫోనులో తీసే ఒక్క ఫొటో దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. మారియో టోపీ కూడా అటువంటిదే: 1981లో డాంకీ కాంగ్ ఆట కోసం షిగెరు మియామోటో ఆ మనిషిని గీసినప్పుడు, ఉన్న కొద్దిపాటి చుక్కల్లో జుట్టు గీయడం కష్టమని టోపీ పెట్టాడు, నోరు కనిపించదని మీసం పెట్టాడు. ఇప్పుడు ప్రపంచమంతా గుర్తుపట్టే ముఖం అలా వచ్చింది. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు తగ్గేకొద్దీ వేగం పెరిగేది కూడా మొదట ఎవరూ కోరి పెట్టింది కాదు. 55 మందిని గీయాల్సిన ప్రాసెసర్‌కు ఒక్కొక్కరూ పోయేకొద్దీ పని తేలికై వేగం పెరిగింది. తయారుచేసిన తొమొహిరో నిషికాడో ఆ ఉత్కంఠ బాగుందని దాన్ని అలాగే ఉంచేశాడు. గమనించి ఉంచడం కూడా పనితనమే.

కాంట్రా అనే ఆటలో ముప్పై ప్రాణాలు దక్కే గుట్టు మా వీధి పిల్లలందరికీ కంఠతా వచ్చు: పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఎ. ఎక్కాల పుస్తకం చదివినట్టు చదివేవాళ్లం. కజుహిసా హషిమోటో అనే ప్రోగ్రామర్ 1986లో గ్రేడియస్ అనే ఆటను ఇంటి యంత్రానికి మారుస్తూ, పరీక్షించి చూసుకోవడానికి అది తనకే మరీ కష్టంగా ఉందని తనకోసం ఈ మీటల వరుసను పెట్టుకున్నాడు. విడుదలైన ఆటలో అది ఉండిపోయింది. ఆయన 2020లో చనిపోయాడు. ఆయన పేరు ఆ రోజు వార్తలో చూసేదాకా నాకు తెలియదు. చిన్నప్పుడు వందలసార్లు వాడుకున్న ఉపకారానికి కర్త ఎవరో నలభై ఏళ్ల వయసులో తెలుసుకోవడం మనసును కలచివేసింది.

కర్త పేరు అన్న మాట దగ్గరే కాస్త ఎక్కువసేపు నిలవాలని ఉంది, ఎందుకంటే ఆటల్లో వస్తువులను దాచే అలవాటుకు పేరు రావడానికి కారణమైన కథ పూర్తిగా పేరు కోసం జరిగిన పోరాటమే. అటారీ సంస్థలో 1970ల చివర ఆటలు రాసినవారి పేర్లు పెట్టె మీద గానీ, తెర మీద గానీ వేసేవారు కాదు. ఆ అసంతృప్తితోనే 1979లో నలుగురు ప్రోగ్రామర్లు బయటికి వెళ్లి, రాసినవారి పేరును పెట్టె మీద అచ్చువేసే యాక్టివిజన్ సంస్థను స్థాపించారు. వారెన్ రాబినెట్ మరో దారి పట్టాడు. తాను రాసిన అడ్వెంచర్ ఆట మొత్తం 4096 బైట్లు. అందులోనే ఒక చిట్టడవిలాంటి చీకటి గదుల్లో, నేల రంగులోనే కలిసిపోయే ఒకే ఒక్క బూడిద చుక్కను దాచాడు. ఆ చుక్కను మోసుకుంటూ పసుపు కోటకు కింద ఉన్న గదికి తెచ్చి, అక్కడ మరికొన్ని వస్తువులు కూడా పోగైతే, కుడివైపు గోడ మినుకుమినుకుమంటూ దారి ఇస్తుంది. లోపలి గదిలో నిలువుగా ‘దీన్ని సృష్టించినవాడు వారెన్ రాబినెట్’ అని ఇంగ్లీషులో మెరుస్తూ ఉంటుంది. ఎవరికీ చెప్పకుండా అతను ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. 1980లో సాల్ట్ లేక్ సిటీ కుర్రవాడు ఒకడు దాన్ని కనిపెట్టి సంస్థకు ఉత్తరం రాశాడు. దాన్ని తీసేయవద్దని, ఇటువంటివి ఈస్టర్ పండుగ గుడ్ల వేటలా ఉంటాయని అక్కడి అధికారి స్టీవ్ రైట్ అన్నాడు. ‘ఈస్టర్ ఎగ్’ అన్న పేరు అలా స్థిరపడింది.

ఆటల్లో మొట్టమొదటి ఈస్టర్ ఎగ్ ఇదేనని చాలా ఏళ్లు అందరూ రాశారు. 2017లో ఆ మాట చెల్లకుండా పోయింది. 1977 నాటి స్టార్‌షిప్ 1 అనే, నాణెం వేసి ఆడే యంత్రంలో, మీటలను ఒక ప్రత్యేక క్రమంలో తిప్పితే ‘హాయ్ రాన్’ అని తెరపై వచ్చి పది ఆటలు ఉచితంగా దక్కుతాయని బయటపడింది. దాన్ని రాసిన రాన్ మిల్నర్ పేరు నలభై ఏళ్లు ఆ యంత్రాల లోపలే ఉండిపోయింది.

గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఉన్న ఎర్రగుడిని చూసినవాళ్లకు రాబినెట్ చేసిన పని కొత్తగా తోచదు. కర్నూలు జిల్లాలోని ఆ బండలపై అశోకుడి శాసనాలు ఉన్నాయి. బ్రాహ్మీ లిపి ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. కానీ ఎర్రగుడి లఘు శిలాశాసనంలో కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు తిరుగుతాయి, మడిలో కొస దాకా పోయి వెనక్కి మళ్లిన కాడెద్దుల్లా. అక్కడి నుంచి మరోవైపు, మన రాయదుర్గానికి సరిహద్దులో కర్ణాటక మొళకాల్మూరు తాలూకాలో బ్రహ్మగిరి ఉంది. అక్కడి శాసనం చివర చపడుడు అనే లేఖకుడు తన పేరు చెప్పుకుని, ‘లేఖకుడి చేత’ అన్న ఒక్క మాటను మాత్రం ఖరోష్ఠీ లిపిలో రాశాడు. ఖరోష్ఠీ వాయవ్యాన గాంధార ప్రాంతపు లిపి, కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. దక్షిణాదిలో దాన్ని చదవగలిగినవారు దాదాపు ఉండరు. చక్రవర్తి ఆజ్ఞను చెక్కిస్తూ, చుట్టుపక్కల ఎవరికీ తెలియని అక్షరాల్లో తన వృత్తిని తాను రాసుకున్న ఆ మనిషి మనసులో ఏముందో ఎవరు చెప్పగలరు? ఎర్రగుడిలో వెనక్కి తిరిగిన పంక్తులు కూడా ఖరోష్ఠీకి అలవాటుపడిన చేతివేనేమో అని నాకు అనిపిస్తుంటుంది. ఇది నా ఊహ, ఊహగానే చెబుతున్నాను. చపడుడి సంతకం ఊహ కాదు, రాతి మీద ఉంది.

ఊహకూ రుజువుకూ మధ్య గీత గీసుకోవడం గురించి ఇంత పట్టుదలగా రాయడానికి నా సొంత తప్పు ఒకటి కారణం. నేను అనంతపురంలోనే ఒక డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఒక బైటులో 0 నుంచి 255 వరకు మాత్రమే పడతాయని, సున్నా కంటే కిందికి దిగితే లెక్క గిర్రున తిరిగి 255 వైపుకు వెళుతుందని చెప్పడానికి చాలా ఏళ్లపాటు నేను గాంధీ ఉదాహరణే వాడాను. 1991లో వచ్చిన సివిలైజేషన్ ఆటలో మన దేశానికి నాయకుడిగా కనిపించే గాంధీ దూకుడు విలువ 1 అని, ఆయన దేశం ప్రజాస్వామ్యంలోకి మారగానే అందులోంచి 2 తీసేయడంతో అది 255గా మారిపోయిందని, అందుకే ఆ ఆటలో గాంధీ అణుబాంబులతో విరుచుకుపడతాడని చెప్పేవాణ్ణి. పిల్లలు విరగబడి నవ్వేవారు, పాఠం ఎప్పటికీ మరిచిపోయేవారు కాదు. ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదని నేను పొంగిపోయేవాణ్ణి.

ఆ కథ నిజం కాదు. ఆటను రూపొందించిన సిడ్ మైయర్ 2020లో ప్రచురించిన తన జ్ఞాపకాల పుస్తకంలో అటువంటి పొరపాటు ఆ ఆటలో లేనే లేదని స్పష్టంగా రాశాడు. ఆ ఆటలో అణ్వస్త్రాల పేరెత్తి బెదిరించే మాటలు నాయకులందరికీ ఒకటే. గాంధీ నోట వచ్చినప్పుడు మాత్రం అవి మనసులో నాటుకుపోతాయి. 2010లో వచ్చిన ఐదో సివిలైజేషన్‌లో గాంధీకి అణ్వస్త్రాల మొగ్గు విలువను కావాలనే 12గా పెట్టారు. మామూలుగా ఆ కొలత పది దాకానే. ఆ తరువాత బైటు లెక్క కథ ఇంటర్నెట్‌లో పుట్టి, వెనక్కి వెళ్లి 1991 నాటి ఆటకు అతుక్కుంది. లెక్క సరైనదే, కారణం కల్పితం. దాన్ని నమ్మి వందలమంది విద్యార్థులకు నేర్పినవాణ్ణి నేనే. ఒక్కసారి కూడా ఆ ఆట ప్రోగ్రామ్‌ను ఎవరైనా విప్పి చూశారా అని అడగలేదు. మన దేశంలో గాంధీ పేరు ఎంత దగ్గరిదో, ఆ కథ మనకు అంత త్వరగా నచ్చింది. నచ్చిన కథను పరీక్షించాలని తోచదు.

పోకేమాన్ ఆటలో ఓడ పక్కన నిలబడి ఉన్న లారీ కింద మ్యూ అనే అరుదైన జీవి దొరుకుతుందని పిల్లలు చెప్పుకునే మాట కూడా ఇటువంటిదే. లారీ నిజంగా ఉంది, కింద ఏమీ లేదు. కానీ మ్యూ వెనుక ఉన్న నిజం ఆ పుకారు కంటే ఎంతో బాగుంటుంది: 1996 నాటి ఆ ఆట పూర్తయ్యాక, తప్పులు పట్టుకోవడానికి వాడిన భాగాలను తీసేయగా దాదాపు 300 బైట్ల చోటు మిగిలింది, షిగెకి మొరిమోటో అనే ప్రోగ్రామర్ ఆ చోటులో ఆ జీవిని చేర్చేశాడు. ఇల్లు కట్టాక మిగిలిన పిడికెడు సిమెంటుతో గడప పక్కన చిన్న పిట్టను చేసిపెట్టే మేస్త్రి గుర్తుకొస్తాడు నాకు.

మా మేనల్లుడు జేఎన్‌టీయూలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఆటల విశేషాలతో వీడియోలు చేస్తుంటాడు. పోయిన సంక్రాంతికి వాడిని ఎర్రగుడి తీసుకెళ్లి ఆ పంక్తులు చూపించి, దారిలో ఈ సంగతులన్నీ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. “మామా, నువ్వు చెప్పేది బాగుండాదిగానీ, కారణమంతా చెప్తా పోతే ఎవురూ చూడరు. గాంధీ కథ అయితే లక్షమంది చూస్తారు” అన్నాడు. వాడి మాటలో నిజం ఉంది, కొట్టిపారేయలేను. చూసేవాడి ఓపిక ఎంతో వాడికి నాకంటే బాగా తెలుసు. మరో మాట కూడా అన్నాడు: మబ్బూ పొదా ఒకటేనని తెలిశాక ఆ ఆట ఆడుతుంటే మబ్బు మబ్బులా కనిపించడం మానేసిందట.

మొదటి మాటకు నా జవాబు: లక్షమంది చూసిన గాంధీ కథలో లేని తప్పును సిడ్ మైయర్ బృందం మీద మోపాం. చేసిన మనిషికి పేరు దక్కకుండా పోవడం ఒక అన్యాయం. చేయనిదాన్ని అంటగట్టడం దానికి తక్కువేమీ కాదు. రాబినెట్ చుక్కను దాచింది మొదటి అన్యాయానికి ఎదురుగా. రెండోదానికి ఎదురు నిలవవలసింది విశేషాలు చెప్పే మనమే. రెండో మాటకు జవాబు చెప్పడం కష్టం. నాకు మాత్రం నీడ విషయంలో దీనికి సరిగ్గా వ్యతిరేకం జరిగింది. ఎక్సార్ లెక్క తెలిశాక కూడా, ఆ అద్దం ముందు రాకుమారుణ్ణి వెనక్కి నడిపించి పరుగుకు సిద్ధం చేసేటప్పుడు నా వేళ్లు ఇప్పటికీ బిగుసుకుంటాయి. నీడ అంచున మెరిసే గీత చూసినప్పుడు, చోటు లేదని చెబుతూనే చోటు వెతికిన మనిషి చెయ్యి కూడా కనిపిస్తుంది. ఒకే బొమ్మలో ఇద్దరు కనిపిస్తుంటే బొమ్మ చిన్నదెలా అవుతుంది?

ఈ ఏడాది అదే పాఠం దగ్గరికి వచ్చినప్పుడు, ఇన్నాళ్లూ మీ సీనియర్లకు గాంధీ కథ చెప్పానని, అది తప్పని తరగతికి చెప్పాను. దాని బదులు డాంకీ కాంగ్ చెప్పాను. ఆ ఆటలో ప్రతి స్థాయికీ ఇచ్చే సమయాన్ని ఇలా లెక్కిస్తారు: స్థాయి సంఖ్యకు 4 కలిపి, 10తో గుణించి, వచ్చింది 80 దాటితే 80 దగ్గర ఆపేస్తారు. 22వ స్థాయిలో అది 260 అవుతుంది. బైటులో పట్టక 256 జారిపోయి 4 మిగులుతుంది. 80 కంటే తక్కువే కనుక ఆపే నియమం దాన్ని పట్టించుకోదు. మారియో నాలుగు మెట్లు ఎక్కకముందే సమయం అయిపోయి చనిపోతాడు.

వెనుక బెంచీలో నుంచి ఒక కుర్రవాడు లేచి, “సార్, గాంధీ కథ కూడా ఇంతే నమ్మకంగా చెప్పుంటారు గదా, ఇది నిజమని ఎట్ల తెలిసేది?” అని అడిగాడు. ఇన్నేళ్లలో నా తరగతిలో ఎవరూ అడగని ప్రశ్న అది. కనీసం లెక్కనైనా మన చేతులతో చూద్దామని అందరం ల్యాబుకు వెళ్లాం. అతనే కూర్చుని సి భాషలో పది వరుసల ప్రోగ్రామ్ రాశాడు. తెరపై 50, 60, 70 వచ్చాయి. ఆ తరువాత వరసగా పద్దెనిమిది సార్లు 80. ఇరవై రెండో వరుసలో 4. గది నిశ్శబ్దమైంది. అతను అంతటితో ఆగకుండా 23 కూడా వేసి చూశాడు. 14 వచ్చింది.